ఎర్రంగోడు

ఎయిర్‌పోర్టు అద్దాల తలుపులు దాటి బయటికి వచ్చేసరికి, ఒక పొడుగాటి తెల్లామె అట్టముక్క పట్టుకొని నిలవడి ఉంది. అట్ట మీద తెలుగుల, ఒత్తు గూడ తప్పకుంట, "భూమక్క" అని రాసుంది.

నేను ఆ అట్టను మల్లొకపారి చదివిన. కింద ఏమన్న నా పేరు ఉన్నదేమో అని చూసిన. లేదు.

చెప్పుకుంటె సిగ్గు గని, నా కడుపుల మంట గక్కడనే అంటుకున్నది. నేను దుబాయి పోయొచ్చినోన్ని. ఊర్ల ఇప్పటికి నన్ను దుబాయి గంగారాం అనే అంటరు. జవానీ అంత గక్కడ సిమెంటుల కలిపి వచ్చిన. ఎన్నిపార్లు విమానం దిగినగని, నా పేరు పట్టుకొని ఒక్క మనిషన్న నిలవడలే. కంపెనీ బస్సోడు వస్తుండె, మేకలను తోలినట్టు తోలి బస్సెక్కిస్తుండె, గంతే. ఇగ హైదరాబాద్ దాటి ఎరుగని నా పెండ్లాం, మొదటిపారి విమానమెక్కి దిగితె, ఐస్‌లాండ్ అనే దేశంల ఒక పెద్దమనిషి ఆమె పేరు ఎత్తిపట్టుకొని నవ్వుకుంట నిలవడ్డది.

"గీ తల్లి ఎవలయ్య?" అని భూమక్క నన్నడిగింది.

"నాకేం తెల్సు? నీ పేరే గద పట్టుకున్నది" అన్న.

ఆ తెల్లామె పేరు సిగ్రున్. మాకు నోరు తిరగలే. భూమక్క అప్పటికప్పుడు "సుగుణక్క" అని పెట్టేసింది. ఆ సుగుణ భూమక్కను అలుముకొని, చేతిల పూలు పెట్టి, ఎనుక నిలవడ్డ నన్ను చూసి తలకాయ ఊపింది. పెట్టెలు మోసేటోన్ని అనుకున్నట్టుంది. నిజానికి పెట్టెలు నా చేతులనే ఉండె.

పెండ్లికి పోతూ పిల్లిని సంకన పెట్టుకపోయినట్టు అంటరు చూడుండ్రి. ఆ ఎండకాలం భూమక్క పెండ్లికి పోయింది. పిల్లిని నేను.

అసలు సంగతి చెప్త. మా భూమక్కకు ఉన్న విద్య ఒక్కటే, ఏడ్చుడు. మా దిక్కు మనిషి చచ్చిపోతె ఆడోళ్లు పీనుగు చుట్టు కూసొని, ఆ మనిషి ఎట్ల నడుస్తుండె, ఏం తింటుండె, ఎవల కడుపు నింపె, అంత మాటల పెట్టి రాగం తీసి ఏడుస్తరు. శోకం పెట్టుడు అంటం. భూమక్క శోకం పెడితె చచ్చినోని పగోడు గూడ తువ్వాలతోని కండ్లు తుడుచుకుంటడు. ఎల్లారెడ్డి చుట్టుముట్టు యాడ సావైనా ముందుగాల కాష్టానికి కట్టెలకు పోతరో, భూమక్కకు కబురు పంపుతరో చెప్పుడు కష్టం. పేరే భూమక్క. నేను గూడ గట్లనే పిలుస్త. పెండ్లాన్ని అక్క అంటవేందిరా అని ఆటో అడ్డ మీద దోస్తులు నవ్వుతరు, నవ్వనీ.

అనిల అని కామారెడ్డి బట్టల దుకాణపోళ్ల బిడ్డ ఉంది. బొమ్మల చదువు చదివి, ఆ ఐస్‌లాండ్‌ల ఒక చిన్న ఊర్ల ఆర్ట్ సెంటర్‌ల నౌకరి చేస్తది. ఆమె నాయనమ్మ శాంతవ్వది మా ఊరే. శాంతవ్వ పోయిననాడు భూమక్క శోకం ఇని, ఆ పిల్ల కర్మలయ్యేదాక ఊర్లనే ఉన్నది. పోయేముందు చేతిల రికార్డు మిషిని పట్టుకొని మా ఇంటికి వచ్చింది. "పెద్దమ్మా, ఇంకొక్కపారి ఏడువు" అన్నదట. సావు లేని ఇంట్ల శోకం పెట్టొద్దు బిడ్డా, అరిష్టం అని భూమక్క ఆమెను మా పొలం కాడ మోటర్ రూంలకు తీస్కపోయి, గక్కడ కూసొని ఏడ్చిందట. నేను ఆ పొద్దు ఆటో మీద లింగంపేట దిక్కు పోయుంటి. నేను ఇనలే.

తర్వాత గది ఏడు సముద్రాలు దాటింది. తీరు తీరు దేశాల ఆడోళ్ల ఏడ్పులు అన్నీ ఒక చీకటి గదిల పెడుతున్నమని, షురూ చేసే దినానికి భూమక్క రావాలెనని, ఎంబడి ఒక మనిషిని తెచ్చుకోవచ్చునని అనిల ఫోన్ చేసింది.

"నువ్వు దేశాలు తిరిగినోనివి. నువ్వే రా" అన్నది భూమక్క.

గా మాటకు నేను పొంగిపోయిన. ఇగ చూడు, విమానంల బెల్టు పెట్టుడు కాంచి నేనే నేర్పాలె, నేనే మాట్లాడాలె అనుకున్న. ఆ ఎండకాలం నాకు కావల్సింది ఒక్కటే ముచ్చట. భూమక్క ఒక్కపారి నా దిక్కు చూసి, "నువ్వు లేకపోతె నాకెట్లయితుండె" అనాలె. పెండ్లయిన కాంచి ఆమె నోట గా మాట రాలే. నేను ఉన్నా లేకున్నా ఆమెకు ఎట్లనో అట్ల అయితనే ఉండె.

తొవ్వల దుబాయిలనే విమానం మారినం. నేను ఛాతి ఇడిసి, "చూసినవా, ఇదే దుబాయి" అన్న. ఆమె మెరిసే బండలను, బంగారం దుకాండ్లను చూసింది.

"గిండ్లనా నువ్వుండేది?"

"ఉండేది గిక్కడ గాదు. జర దూరం."

"గక్కడ గూడ గిట్లనే మెరుస్తుండెనా?"

నేను నీళ్ల సీస కోసం పెట్టెల చెయ్యి పెట్టి ఎతికిన.

*

ఆ ఊరు ఎల్లారెడ్డిల పావు గూడ లేదు. ముందట సముద్రం, ఎనుక గుట్టలు, గుట్టల మీద ఎండకాలంల గూడ మంచు. పొద్దు గూకదు. అన్నం తిని పండుకునే యాల్లకు గూడ పటపట ఎండ కొడ్తనే ఉంటది. ఒకప్పుడు చేపలు కోసే కార్ఖానాను గోడలు సాపు చేసి ఆర్ట్ సెంటర్ చేసిండ్రు. లోపలికి పోతె ఒక గదిల ఉత్త కుర్చీని తలకిందులు ఏలాడదీసిండ్రు. ఇంకో గదిల వాన చప్పుడు, చుక్క నీళ్లు లేవు.

"గిదేంది బిడ్డా?" అని అనిలను అడిగిన.

"అర్థం కావాలని ఏం లేదు పెద్దబాపు. జరసేపు నిలవడి చూడాలె, గంతే."

"మా షట్టరింగ్ పనిల గిట్ల ఏలాడదీస్తె మేస్త్రీ చెంప పలగ్గొడుతుండె" అన్న. అనిల నవ్వింది. భూమక్క మాత్రం ఆ కుర్చీ కింద నిలవడి మస్తుసేపు పైకి చూసి, "పాపం, కూసునేటోడు పోయిండు" అన్నది. అనిల గామాటను సుగుణకు చెప్పింది. సుగుణ గుండె మీద చెయ్యి పెట్టుకున్నది. నేను చెప్పిన షట్టరింగ్ ముచ్చట ఎవలు ఎవలకు చెప్పలే.

షురూ చేసిననాడు ఊరు ఊరంత వచ్చింది. భూమక్క పచ్చచీర కట్టింది. సెంటర్‌కు పెద్దయిన సుగుణ ఏందో మాట్లాడింది, చప్పట్లు. అనిల మాట్లాడింది, చప్పట్లు. భూమక్కను మాట్లాడుమంటె, "నేను ఏడ్చిన, మీరు ఇన్నరు. మీ ఇండ్లు సల్లగుండ" అన్నది. గీ రెండు ముక్కలకు గోడలు అదిరిపోయేటట్టు చప్పట్లు. ఫోటోలు తీసేటోడు వచ్చిండు. నేను అంగి సాపు చేసుకొని భూమక్క పక్కపొంటి నిలవడ్డ. వాడు నా దిక్కు చూసి, జర పక్కకు జరుగు అన్నట్టు చెయ్యి ఊపిండు.

జరిగిన. ఒళ్లంత మండిపోయింది. కండ్లల్ల నిప్పులు పోసుకునుడు అంటె ఏందో నాకు గప్పుడు తెలిసింది.

ఇంకొకటి చెప్త, నవ్వొద్దు. ఆ సెంటర్ ముందటనే ఊరోళ్లందరు తానం చేసే ఏడినీళ్ల హౌజు ఉంది. చీకటి గదిల ఏడ్పులు ఇన్నోళ్లు బయటికి వచ్చి, సంకల తువ్వాల పెట్టుకొని సక్కగ ఆ హౌజులకు పోతుండ్రు. రోజూ గదే చూసిన. నాకు మస్తు సంతోషమైంది. "చూసినవా భూమక్కా, వీళ్లకు గూడ మైల పట్టింపు ఉన్నది. శోకం ఇన్నంక తానం చెయ్యంది ఇంట్ల అడుగు పెడతలేరు" అన్న. భూమక్క గూడ నిజమే అనుకొని, వీళ్లు మనసోంటోళ్లే అని అనిలకు చెప్పింది.

అనిల పగలవడి నవ్వింది. "అయ్యో పెద్దమ్మా, వాళ్లు ఉత్తగ ఈత కొడుతరు. గది వీళ్లకు రోజువారి అలవాటు." గని సుగుణకు గా ముచ్చట మస్తు నచ్చిందట. మర్నాడు పొద్దుగాల గది తలుపు కాడ ఒక పలక పెట్టిండ్రు. 'ఏడ్పు ఇన్నంక నీళ్లల్ల మునిగి ఇంటికి పోవాలె. ఇది భూమక్క చెప్పిన ఆచారం' అని దాని మీద రాసుందని అనిల చదివి చెప్పింది.

"గది చెప్పింది నేను" అన్న.

"అవునా పెద్దబాపు? మరి ఎవరూ నాకు చెప్పలేదు గద" అన్నది పాపం ఆ పిల్ల.

భూమక్క దిక్కు చూసిన. ఆమె సుగుణ తెచ్చిన ఊలు దారం ఏళ్లకు చుట్టుకొని, మెత్తగుందా లేదా అని చూస్తుంది. నేను చెప్పిన అని ఒక్కమాట అంటె ఆమె సొమ్మేం పోతుండె?

*

ఆ చీకటి గదిలకు నేను పోలే. అందరు పోతుండ్రి, కండ్లు ఎర్రగ చేసుకొని వస్తుండ్రి, భూమక్క చేతులు పట్టుకుంటుండ్రి. దినాం ఇంట్ల ఇనే నోరే గద, మల్ల ఇనుడేంది అని అనిలతోని అన్న. అసలు సంగతి, నేను పోయి ఇని బయటికి వస్తె నేను గూడ ఆ వరుసల ఒకన్ని అయిత. గది నాకు ఇష్టం లేకుండె.

ఒకనాడు ముసురు పట్టింది. భూమక్కను సుగుణ గొర్లు చూపిస్తనని కార్ల తీస్కపోయింది. నన్ను గూడ రమ్మన్నరు. గొర్లు నాకు ఎరికలేవా, రాను అన్న. సెంటర్‌ల కూసుంటె ఏం తోస్తలేదు. తలుపు తీసుకొని లోపలికి పోయిన.

చీకటి. నడుమ ఒక బల్ల. ఇద్దరు ముసలోళ్లు కూసొని ఉండ్రి. నేను గూడ ఒక కొనకు కూసున్న. ఒక గోడల కాంచి ఏదో దేశం ఆమె ఏడ్చింది, ఇంకో గోడల కాంచి ఇంకొకామె. నాకు తెల్వని భాషలు గనుక నాకేం కాలే. గప్పుడు నా ఎనుక గోడల కాంచి, చెవుల చెప్పినంత దగ్గర, భూమక్క గొంతు లేచింది.

"ఎర్రంగి తొడుక్కొని వాగు దాటి వస్తివో నా రాజా,
నడుమ నీళ్లల్ల నిలవడి భూమీ అని పిలిస్తివో నా రాజా,
సీతాఫలం గింజలేరి గుజ్జు నా నోట్ల పెడితివో,
అంగట్ల గాజులు దెచ్చి, చేతికెక్కకపోతె సబ్బు నురుగు వెడితివో,
ఒక్క గాజు పగిలితె ఒళ్లు పగిలినట్టు కూలవడితివో,
గిన్ని చేసినోనివి ఏ తొవ్వ పోతివో,
పోయిన తొవ్వల గడ్డి మొలిచె నా రాజా, నీ అడుగు కానరాకపాయె..."

ముసలామె రుమాలు తీసింది. ముసలాయన తలకాయ దించుకున్నడు. వాళ్లకు ఒక్క ముక్క గూడ తెల్వదు. ఆ గదిల, ఆ ఊర్ల, ఆ దేశంల గా ఏడ్పు అర్థమైన మొగోన్ని నేనొక్కన్నే. నాకు ఏడ్పు రాలే.

ఎవడు వాడు?

నా పెండ్లాం నోట్ల సీతాఫలం పెట్టినోడెవడు? భూమీ అని పిల్చినోడెవడు? నేనెన్నడు భూమీ అనలే. అంగట్ల గాజులు కొన్నోడు, చెయ్యి పట్టుకొని సబ్బు నురుగు పెట్టి ఒక్కొక్క గాజు ఎక్కిచ్చినోడు, వాడెవడు? వాని కోసం గంత మెత్తగ, గంత ఇష్టంగ ఏడుస్తదా? నా పెండ్లాం గొంతుల గంత పావురం, గంత ప్రేమ ఉన్నదని గిన్నేండ్లు కాపురం చేసిన నాకు తెల్వకపాయె. నేను చస్తె గూడ గిట్ల ఏడ్వదు అనుకున్న. ప్రమాణం చేసి చెప్తున్న, అన్నిటికంటె గదే నన్ను కోసింది.

మల్ల ఆమె గొంతు వచ్చేదాక కూసున్న. మల్ల ఇన్న. మల్ల ఇన్న. సెంటర్ మూసేటప్పుడు అనిల వచ్చి లైటు ఏసింది.

"బిడ్డా, గీ శోకం ఎవలు చచ్చినప్పటిది?"

"ఎవరూ చావలే పెద్దబాపు. గది పొలం కాడ పెట్టింది గద. ఎవరిని యాది చేసుకుంటవు పెద్దమ్మా అని అడిగిన."

"ఏమన్నది?"

అనిల యాది చేసుకొని నవ్వింది. "'ఉన్నడు తియ్యి ఒకడు' అన్నది."

*

ఉన్నడు తియ్యి ఒకడు. ఆ మాట నా చెవుల జోరీగ లెక్క తిరిగింది.

పొద్దు గూకని ఊర్ల అనుమానం పట్టిన మనిషికి మించిన నరకం లేదు. నిద్రరాదు. కిటికీకి నల్లగుడ్డ కట్టుకొని భూమక్క గుర్రు పెడుతుండె. నేను ఆమె మొఖం చూసుకుంట కూసొని, చచ్చినోళ్లనందరిని ఒక్కొక్కన్ని లేపి నిలవెట్టి అంగి రంగు అడిగిన. ఆఖరికి ఒకడు దొరికిండు. పిట్లం భీమేష్. భూమక్కకు మేనబావ. ఎరువుల దుకాణం. ఈమెను ఆయనకే ఇద్దామనుకున్నరట చిన్నప్పుడు, తర్వాత మాకు ఇచ్చిండ్రు. భీమేష్ పోయినేడు గుండె ఆగి చచ్చిపోయిండు. భూమక్క పిట్లం పోయి దినాలయ్యేదాక రాలే. అనిల వచ్చింది గా తర్వాతనే. ఇంకేం గావాలె?

"పిట్లం దిక్కు సీతాఫలాలు బాగయితయా?" అని అడిగిన ఒకనాడు, ఛాయ్ తాగుకుంట.

"ఏమో. ఎందుకు?"

"ఊకెనే."

ఇంకొకనాడు, "భూమీ అనే పేరు మంచిగుంటది గద?" అన్న. ఆమె నా దిక్కు ఇంతగ చూసింది. "పెయి మంచిగుందా? నిద్ర పోతలేవు నువ్వు" అన్నది. నుదురు మీద చెయ్యి పెట్టబోతె తల తిప్పుకున్న.

సుగుణతోని ఆమె నవ్వితె మంట. ఊరోళ్లు ఆమెకు మొక్కితె మంట. చచ్చినోని మీద మంట. చచ్చినోన్ని ఏం చేస్తవు? కొట్టరాదు, తిట్టరాదు. మీసం మెలేసి ముందట నిలవడరాదు.

మిరుగు వచ్చింది, మృగశిర కార్తె. మిరుగు నాడు మా దిక్కు చేపలు తినాలె, తినకపోతె ఏడాదంత దగ్గు పడుతదని అంటరు. గక్కడ రోజూ చేపలే గని, భూమక్క ఆనాడు ఇంటి కాంచి తెచ్చిన కారం ఏసి, చింతపండు పిసికి, మాకిచ్చిన ఇంట్ల మన తీరు పులుసు వండింది. ఇల్లంత ఎల్లారెడ్డి వాసన వచ్చింది. పల్లెంల పెట్టి నా ముందట పెట్టి, "తిను, ఇయ్యాల మిరుగు" అన్నది.

నేను పల్లెం నూకిన. "వానికి పెట్టు."

"ఎవలికి?"

"ఎర్రంగోనికి!"

గంటె ఆమె చేతుల గట్లనే ఆగింది. పులుసు చుక్క కింద పడ్డది. ఆమె పొయ్యి బందు చేసింది.

"ఇన్నవా?"

"ఇన్న. మస్తుపార్లు ఇన్న. ఊరంత ఇన్నది, దేశమంత ఇన్నది, మొగన్ని నాకు ఇనే హక్కు లేదా? ఎవడే వాడు? గా పిట్లం భీమేష్ గాడేనా?"

భూమక్క నోరు తెర్చి నన్ను చూసింది. తర్వాత నవ్వింది. కొంగు నోట్ల కుక్కుకొని, గోడకు ఒరిగి, కండ్లపొంటి నీళ్లు కారంగ నవ్వింది. నాకు ఇంకా మండింది.

"భీమేష్ బావనా? వాడు అంగట్ల బజ్జీలు గొంటె ఎవలకన్న పెట్టాల్సొస్తదని అటు తిరిగి తినేటోడు. వాడు గాజులు కొంటడా? నీ పాడుగాను!"

"మరెవడు?"

ఆమె నవ్వు తుడుచుకొని నా ముందట కుర్చీల కూసున్నది. జరసేపు నన్ను చూసింది, అంగట్ల తప్పిపోయిన పోరన్ని చూసినట్టు.

"నీకు నిజంగనే యాదికి లేదా?" అన్నది.

"ఏంది?"

"ఎల్లారెడ్డి అంగడి. పెండ్లయిన ఏడు. గాజులు ఎక్కకపోతె హోటలోని కాడ సబ్బు ముక్క అడుక్కొని వచ్చిండు. గాజులమ్మే ముసలామె నేనెక్కిస్త తియ్యి కొడుకా అంటె, మా భూమి చెయ్యి నొస్తది, నేనే ఎక్కిస్త అన్నడు. ఒక గాజు పగిలి నాకు గీరుకపోతె అక్కడనే కూలవడ్డడు. ముసలామె నవ్వీ నవ్వీ సచ్చింది. ఆ ఎర్రంగి వాళ్లన్న పెండ్లికి కుట్టిచ్చింది. చేతులు పొట్టిగుంటుండె వానికి."

నేను మా అన్న పెండ్లిని యాది చేసుకోవట్టిన. ఒక ఎర్ర రంగు ఏదో కండ్ల ముందట ఆడింది. గాజులు యాదికి రాలే. సబ్బు యాదికి రాలే.

"నేనా?" అన్న.

"నువ్వు గాదు" అన్నది భూమక్క. "వాడు."

ఆమె గొంతుల కోపం లేదు. ఉంటె బాగుండు, నేను గూడ అరుస్తుంటి.

"వాడు దుబాయి పోయిండు. రెండేండ్లకు వస్తుండని మీ బాపుతోని హైదరాబాద్ వచ్చిన. నువ్వు పెట్టె తోసుకుంట బయటికి వచ్చినవు. 'ఏమే, మంచిగున్నవా' అన్నవు. నేను నీ ఎనుక చూసిన. వాడు ఎనుక వస్తుండేమో అని. అందరు వచ్చిండ్రు, తలుపులు మూసుకున్నయి, వాడు రాలే. పోనీ, వచ్చేపారి వస్తడేమో అనుకున్న. వచ్చేపారి గూడ నువ్వే వచ్చినవు."

బయట సముద్రం పక్షులు కీసు కీసుమని అరుస్తున్నయి. నేను నవ్వుదామని చూసిన. నవ్వు రాలే.

"ఊర్ల పోయినోళ్లందరికి ఏడ్చిన. వానికి ఎన్నడన్న ఏడ్వాలె గద? ఇంట్ల ఏడిస్తె నీకు అరిష్టం, నువ్వు బతికున్నోనివి. గందుకే పొలం కాడికి పోయి ఏడ్చిన. ఆ పిల్ల వచ్చిందని గాదు. ఆ పిల్ల వంకకు వచ్చింది, గంతే."

"మరి నేనెవన్ని భూమక్కా?"

"నువ్వు నా మొగనివి" అన్నది. పల్లెం నా ముందటికి జరిపింది. "తిను. సల్లారుతున్నయి."

తిన్న. ముండ్లు ఏరుకుంట, తల ఎత్తకుంట తిన్న.

*

మంట సల్లారుతదనుకున్న. ఇంకింత ఎక్కువైంది. భీమేష్ గాడే అయినా బాగుండు. భీమేష్ కంటె నేను నయం అని ఎప్పుడో ఒకప్పుడు రుజువు చేస్తుంటి. వీని కంటె నేను నయమని ఎట్ల రుజువు చెయ్యాలె? వాన్ని తిట్టుదామంటె నా తిట్టు నాకే తగుల్తది. వానికి చేతనైంది, నాకు చేతగాలే. వాడు ఉన్న కొన్ని నెలలకు ఆమె గిన్నేండ్లు కన్నీళ్లు దాచుకున్నది. నేను ఉన్న గిన్నేండ్లకు ఒక శోకం మాట గూడ తయారు కాలే.

కూసొని కూసొని గుర్తు తెచ్చుకోవట్టిన. క్యాంపుల మీదమీద మంచాలు యాదికి వచ్చినయి, మేస్త్రీ బూతులు యాదికి వచ్చినయి, ఎండకు కాలిన ఇనుప రాడ్లు యాదికి వచ్చినయి. గాజులు మాత్రం రాలే. ఆమె చెయ్యిని దొంగచాటుగ చూసిన. ఆ గాజు గీరిన మచ్చ ఏడనన్న ఉన్నదేమో అని. చెయ్యి నిండ కొడవలి గాట్లే, ఏది ఏదో ఎట్ల తెలుస్తది?

ఇగ రోజూ ఆ చీకటి గదిలకు పోవుడు షురూ చేసిన. తలుపు తియ్యంగనే పోయి అదే కొనకు కూసుంటుంటి. ఊరోళ్లు అనుకున్నరట, పాపం పెండ్లాం ఏడ్పంటె గీయనకు ఎంత పావురమో అని. వాన్ని చూసి వద్దామని పోతున్న నేను. ప్రతిపారి వాడు వాగు దాటి వస్తుండె. ప్రతిపారి నీళ్ల నడుమ నిలవడి భూమీ అని పిలుస్తుండె. నేను చీకట్ల నోటి లోపట లోపట భూమీ అని అని చూసిన. నా గొంతుల గది తగలే. ఎవలదో అంగి తొడుక్కున్నట్టు అయింది.

బయలెల్లే ముందునాడు సుగుణ ఊర్లోళ్లనందరిని పిల్చి కాఫీ, రొట్టెలు పెట్టింది. భూమక్కకు ఊలు శాలువ కప్పిండ్రు. అందరు అలుముకున్నరు. ఫోటోలు తీసేటోడు మల్ల వచ్చిండు. ఈపారి నన్ను జరుగుమనలే, నేనే దూరం ఉన్న. పెద్దబాపూ మీరు గూడ రాండ్రి అని అనిల పిల్చింది. ఆమెనే తియ్యి బిడ్డా అన్న.

అందరు పోయినంక భూమక్క బయట, గోడకు ఆనిచ్చిన బల్ల మీద ఒక్కతె కూసొని ఉంది. ఒళ్లె శాలువ, చేతుల కాఫీ. సముద్రం మీద ఎండ పడి మెరుస్తుంది. నేను పోయి ఆమె ముందట నిలవడ్డ. ఎందుకు పోయిన్నో అడిగేదాక నాకు గూడ తెల్వదు.

"వాడెట్లుండె?" అన్న.

"ఎవలు?"

"వాడే. ఎర్రంగోడు."

భూమక్క కాఫీ బల్ల మీద పెట్టింది. నన్ను కాళ్ల కాంచి తలకాయ దాక చూసింది, ఎవలనో కొలతకు పోల్చుకున్నట్టు.

"మంచోడుండె" అన్నది. "నీ అంతనే పొడుగుండె. గని నాతోని మాట్లాడేటప్పుడు జర వంగుతుండె."

నేను ఇంకా నిలవడే ఉన్న.